పన్నెండు బిట్లకు రోడ్డు రాసిస్తామా?

ఇంటర్ పరీక్షలు ముగియగానే రవాణా శాఖ కార్యాలయాల దగ్గర కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) కోసం స్లాట్లు, ఆధార్ జిరాక్సులు, ఫోన్లలో చేతులు మారే ప్రశ్నల పీడీఎఫ్‌లు. వాటితోపాటే ఏటా వినిపించే ప్రశ్న కూడా మళ్లీ వస్తుంది. కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చుని ఇరవై ప్రశ్నల్లో పన్నెండింటికి సరైన జవాబు నొక్కినంత మాత్రాన బండి తీసుకుని రోడ్డెక్కవచ్చా? కుదరదనేవారు పరీక్షను కఠినం చేయమంటారు. అదంతా తూతూమంత్రమే కాబట్టి ఎత్తేయమని మరికొందరంటారు. పెద్ద ప్రమాదం జరిగినప్పుడల్లా మొదటి వాదన బలపడుతుంది. స్లాటు దొరక్క జనం తిరిగి తిరిగి వేసారినప్పుడల్లా రెండో వాదనకు చెవులు దొరుకుతాయి. అసలు సంగతి ఈ రెండింటికీ అందలేదు. ప్రశ్నపత్రం ఏది అడిగితే అభ్యర్థి అదే చదువుతాడు. ఇప్పటి పత్రం జ్ఞాపకశక్తిని పరీక్షిస్తోంది. రోడ్డు పరీక్షించేది అంచనాశక్తిని. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించే మార్పునే సంస్కరణ అనాలి.

ఆ దూరం ఎంతో తెలియాలంటే చోడవరాన్ని చూడాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఉమ్మడి విశాఖపట్నం నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరిన మండల కేంద్రమిది. భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డు, అంటే జనం నోట్లో నానిన బీఎన్ రోడ్డు, ఈ ఊరి మీదుగానే పోతుంది. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఉన్న ప్రాంతం కావడంతో చెరకు లోడు ట్రాక్టర్లకూ ఇక్కడి రోడ్లకూ దశాబ్దాల అనుబంధం. ఇక్కడ కొత్తగా బండి పట్టిన కుర్రాడికి ఎదురయ్యేవి ఏమిటి? వెనక దీపం గానీ, మెరిసే స్టిక్కర్ గానీ లేకుండా చీకట్లో నెమ్మదిగా సాగే ట్రెయిలర్. చెయ్యెత్తిన మనిషి కనిపించగానే ఉన్నచోటే ఆగిపోయే షేర్ ఆటో. సగం రోడ్డును కళ్లంగా మార్చేసిన ధాన్యం ఆరబోత. వానాకాలంలో నీటి అడుగున లోతు తెలియని గొయ్యి. శీతాకాలం వస్తే స్నేహితులతో లంబసింగి ప్రయాణం, పొగమంచులో పాడేరు ఘాట్. అతను బట్టీ పట్టిన ప్రశ్నల్లో వీటి ఊసు కానరావడం అరుదు.

దేశం లెక్కలు చూస్తే ఈ అంతరం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్ లేకుండా చనిపోయినవారే 50,029 మంది. మరుసటి ఏడాది మృతుల సంఖ్య 1,72,890కి పెరిగింది. ఎల్‌ఎల్‌ఆర్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది మొదట నడిపేది బైకో స్కూటీయో కాబట్టి, ఈ మరణాలకూ ఆ పది నిమిషాల పరీక్షకూ సంబంధం లేదని తోసిపుచ్చలేం.

చట్టం ఏం అడుగుతోంది?

మోటారు వాహనాల చట్టం–1988లోని 8వ సెక్షన్ లెర్నర్ లైసెన్సుకు ఆధారం. పరీక్షలో ఏముండాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు–1989లోని 11వ నిబంధన చెబుతుంది. దాని ప్రకారం అభ్యర్థికి నాలుగు అంశాలు తెలిసి ఉండాలి: ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు; ప్రమాదం జరిగి ఎవరైనా చనిపోయినా గాయపడినా డ్రైవరు చేయాల్సిన పనులు; కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు; బండి నడిపేటప్పుడు దగ్గర ఉండాల్సిన కాగితాలు. 60 శాతం జవాబులు సరైతే ఉత్తీర్ణత. ఇరవైకి పన్నెండు అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే. ఇలా వచ్చిన ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. కనీసం ముప్పై రోజులు గడిచాకే పక్కా లైసెన్సు కోసం బండి నడిపి చూపించడానికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్లాలి.

ఈ జాబితాలోని మూడో అంశం సిలబస్ ఏ కాలంలో ఆగిపోయిందో చెప్పేస్తుంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నింటినీ 2019 జనవరి నాటికి రైల్వే శాఖ తొలగించింది. నిబంధనలో మాత్రం ఆ గేటు అలాగే ఉంది. మరోపక్క 2017 జూన్‌లో కేంద్రం పాత రోడ్డు నియమాల స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్లను నోటిఫై చేసింది. సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికి దారివ్వాలని, రౌండ్ఎబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండిదే ముందు హక్కని, ఇరుకైన ఘాట్ రోడ్డులో దిగే బండి ఆగి ఎక్కే బండికి చోటివ్వాలని వాటిలో స్పష్టంగా ఉంది. పాడేరు ఘాట్ ఎక్కబోయే చోడవరం కుర్రాడికి ఈ చివరి నియమం ప్రాణం నిలిపేంత పని చేస్తుంది. పదేళ్లుగా లైసెన్సు జేబులో పెట్టుకుని తిరుగుతున్నవారిని అడిగి చూడండి, ఎందరికి తెలుసో.

ఎల్‌ఎల్‌ఆర్ వెంట వచ్చే షరతులూ కాగితానికే పరిమితమయ్యాయి. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. నేర్పేవారు పక్కా లైసెన్సు ఉన్నవారై, బండిని అదుపు చేయగలిగేలా పక్కన కూర్చోవాలి. బైకు మీద నేర్పేవారిని తప్ప వేరెవరినీ ఎక్కించుకోకూడదు. చోడవరం బస్టాండు దగ్గర అరగంట నిలబడితే ‘ఎల్’ పలకల కంటే ట్రిపుల్ రైడింగులే ఎక్కువ లెక్కకొస్తాయి. పరీక్షలో ఈ షరతుల గురించి ప్రశ్న రావచ్చు, జవాబూ సరిపోవచ్చు. పాటించడం మాత్రం వేరే సంగతిగా మిగిలిపోతోంది.

బిట్ బ్యాంకు చదువు

తెలుగు విద్యార్థికి బిట్ బ్యాంకు కొత్త కాదు. పదో తరగతి నుంచి పోటీ పరీక్షల దాకా పాఠాన్ని పక్కనబెట్టి బిట్లతో గట్టెక్కడం మనకు అలవాటైన విద్య. ఎల్‌ఎల్‌ఆర్ దగ్గరా అదే జరుగుతోంది. పరివాహన్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టులున్నాయి, తెలుగులో ప్రశ్నల జాబితాలు తిరుగుతున్నాయి. వాటిని ముందు రోజు రాత్రి రెండుసార్లు తిరగేస్తే చాలు. గుర్తు బొమ్మ, దాని ఎదురుగా జవాబు అలా కళ్లలో నిలిచిపోతాయి. అదే గుర్తు మలుపులో ఎదురైతే చేయి బ్రేకు మీదకు వెళ్లాలన్న స్పృహ మాత్రం ఆ జాబితాతో రాదు.

ఉత్తీర్ణత లెక్కే ఈ తీరును ప్రోత్సహిస్తోంది. ఇరవై ప్రశ్నల్లో సరిగ్గా పదింటికి మాత్రమే జవాబు తెలిసిన అభ్యర్థిని ఊహించుకోండి. మిగిలిన పదింటిలో ఏ రెండు తగిలినా అతను గట్టెక్కుతాడు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిచ్చారనుకుంటే, కళ్లు మూసుకుని నొక్కినా అతను పాసయ్యే అవకాశం 75 శాతం దాటుతుంది. మూడే ఇస్తే దాదాపు 90 శాతం. అంటే రోడ్డు నియమాల్లో సగం తెలియనివాడిని ఆపే శక్తి ఈ గేటుకు లేదు. పైగా ప్రశ్నలన్నింటికీ ఒకే విలువ. పార్కింగ్ గుర్తు తెలియకపోయినా ఒక మార్కే పోతుంది, జీబ్రా క్రాసింగ్ మీద పాదచారి ఉంటే ఆగాలని తెలియకపోయినా ఒక మార్కే పోతుంది. రోడ్డు మీద ఆ రెండు తప్పుల ఫలితం ఒకటి కాదు.

నిజానికి సూత్రం పట్టుకుంటే ఈ చదువు బట్టీ కంటే తేలిక. భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం గుర్తులు మూడు కుటుంబాలు. స్థూలంగా గుండ్రటివి ఆజ్ఞలు, తప్పితే జరిమానా. త్రికోణాలు హెచ్చరికలు, ముందున్న ముప్పును చెబుతాయి. దీర్ఘచతురస్రాలు సమాచారం. ఈ ఒక్క సంగతి తెలిసినవాడు మునుపెన్నడూ చూడని గుర్తునైనా సగం చదివేస్తాడు. వేగం సంగతీ అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మెదడు స్పందించే ఒక్క సెకనులో బండి 11 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. బ్రేకు వేశాక ఆగే దూరం మాత్రం రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది. ఇది అర్థమైన కుర్రాడికి చెరకు ట్రాక్టర్ వెనక ఎంత దూరం ఉండాలో వేరుగా బట్టీ పెట్టించనక్కర్లేదు. ఇలాంటి అవగాహనను అడిగే ప్రశ్న లేకపోబట్టే దాన్ని నేర్చుకునేవాడూ లేడు.

కఠినం చేస్తే సరిపోతుందా?

పాస్ మార్కు పెంచి, ప్రశ్నలు కష్టంగా ఇస్తే సరిపోతుందనే వాదనకు బలమైన అడ్డంకి మన దేశ అనుభవంలోనే ఉంది. మారియాన్ బెర్ట్రాండ్, సిమియన్ జాంకోవ్, రేమా హన్నా, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు ఢిల్లీలో 822 మంది లైసెన్సు అభ్యర్థులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లైసెన్సు పొందినవారిలో 71 శాతం మంది అసలు డ్రైవింగ్ పరీక్షకే వెళ్లలేదు. స్వతంత్రంగా పరీక్షిస్తే 62 శాతం మందికి లైసెన్సు వచ్చేనాటికి బండి నడపడమే సరిగా రాదు. నిజాయతీగా పరీక్షకు వెళ్లినవారిని మాత్రం నైపుణ్యంతో నిమిత్తం లేకుండా ఫెయిల్ చేసి ఏజెంటు వైపు నెట్టారని వారు తేల్చారు. ఆ అధ్యయనం తర్వాత కంప్యూటర్ పరీక్షలు వచ్చాయి, ఆన్‌లైన్ స్లాట్లు వచ్చాయి. అధికారి ఇష్టాయిష్టాలకు కొంత కళ్లెం పడింది. ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. కానీ పరీక్ష కష్టమైన కొద్దీ పక్కదారి ధర పెరుగుతుందన్న హెచ్చరిక నేటికీ చెల్లుతుంది.

కేరళ 2024 మే నెలలో బండి నడిపే పరీక్షను కఠినం చేయబోతే డ్రైవింగ్ స్కూళ్లు ఆందోళనకు దిగాయి, పరీక్షలు నిలిచిపోయాయి. ప్రభుత్వం కొన్ని సడలింపులు ఇవ్వాల్సి వచ్చింది. నేర్చుకునే సదుపాయం పెంచకుండా గేటు మాత్రమే బిగిస్తే ఎదురయ్యే ఇబ్బంది ఇది. చోడవరం విషయానికొస్తే ఎల్‌ఎల్‌ఆర్ కోసం అనకాపల్లి దాకా వెళ్లే కూలీకి పరీక్ష తప్పితే ఇంకో రోజు కూలి పోతుంది. రెండుసార్లు తప్పితే అతను మూడోసారి రాడు, లైసెన్సు లేకుండానే బండి నడుపుతాడు. పట్టుబడితే చూసుకుందాంలే అనుకుంటాడు. కఠినత్వం తెచ్చే మొదటి ఫలితం ఇదే అయితే రోడ్డుకు ఒరిగేదేమీ లేదు.

రెండో పక్షం మాటలోనూ కొంత నిజముంది. రాత పరీక్ష ఎంత బాగున్నా హెల్మెట్ పెట్టించేది పోలీసు తనిఖీ, వేగం తగ్గించేది రోడ్డు నిర్మాణం, ప్రాణం కాపాడేది ఆస్పత్రి దగ్గరగా ఉండటం అని వారంటారు. కాదనలేం. కానీ ప్రతి వాహనదారుడినీ రోడ్డెక్కకముందే ప్రభుత్వం ఎదురుగా కూర్చోబెట్టుకుని నియమాల గురించి మాట్లాడే సందర్భం ఇదొక్కటే. తర్వాత మళ్లీ ఎదురుపడేది చలానా రాసేటప్పుడే. చదవక తప్పని ఆ ఒక్క అవకాశాన్ని పది నిమిషాల లాంఛనంగా పారేసుకోవడం తెలివైన పని కాదు.

ఇతరులు ఎలా చేస్తున్నారు?

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష 1935 నుంచే తప్పనిసరి. రాత పరీక్ష మాత్రం 1996లోనే విడిగా మొదలైంది. 50 ప్రశ్నల్లో 43 సరిగ్గా రాయాలి. 2002 నవంబరులో వారు మరో మెట్టు చేర్చారు. డ్రైవరు సీటులోంచి తీసిన 14 వీడియోలు చూపిస్తారు. ముప్పు తలెత్తుతున్నట్టు అనిపించిన క్షణాన మీట నొక్కాలి. ఎంత ముందుగా పసిగడితే అన్ని ఎక్కువ మార్కులు. 75కు 44 వస్తే ఉత్తీర్ణత. దీన్ని ప్రవేశపెట్టాక కొత్త డ్రైవర్ల ప్రమాదాల్లో కొన్ని రకాలు సుమారు 11 శాతం తగ్గాయని అక్కడి ప్రభుత్వం చేయించిన దీర్ఘకాలిక అధ్యయనం చెప్పింది. దీనికి బట్టీ పనికిరాదు. ఆగిన ఆటో వెనక నుంచి పిల్లవాడు పరుగెత్తుకు రావచ్చని ఊహించగలిగినవాడే మీట ముందుగా నొక్కుతాడు.

జర్మనీ దారి మరొకటి. 30 ప్రశ్నలుంటాయి, తీవ్రతను బట్టి ఒక్కో దానికి 2 నుంచి 5 దోష పాయింట్లు. మొత్తం పది దాటితే ఫెయిల్. అయిదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పినా ఫెయిలే. ప్రాణాంతకమైన తప్పుకూ చిన్న పొరపాటుకూ తేడాను అక్కడి ప్రశ్నపత్రమే నేర్పుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 45 ప్రశ్నలను రెండు భాగాలు చేసింది. సాధారణ విషయాల్లో 15కు 12 చాలు, రోడ్డు భద్రతలో మాత్రం 30కి 29 రావాల్సిందే. ఆపైన 25 ఏళ్లలోపువారు 120 గంటలు నడిపినట్టు లాగ్‌బుక్ చూపాలి. సింగపూర్ తొలి రాత పరీక్షలో 50కి 45 కావాలి. మన పిల్లలు పెద్ద సంఖ్యలో ఉంటున్న న్యూజెర్సీలో 50కి 40, టెక్సాస్‌లో 30కి 21. ఇక్కడ ఎల్‌ఎల్‌ఆర్ ప్రశ్నలను ఒక్క రాత్రిలో తిరగేసిన కుర్రాడే అక్కడికెళ్లి పర్మిట్ పరీక్ష కోసం ఆ రాష్ట్ర డ్రైవర్ మాన్యువల్‌ను వారాల తరబడి చదువుతున్నాడు. అక్కడి ప్రశ్నలు పుస్తకం చదివినవాడికే అందుతాయి కాబట్టి చదువుతున్నాడు.

అలాగని పాస్ మార్కును మంత్రదండంగా చూడకూడదు. అమెరికాలో మనకంటే పాస్ మార్కు ఎక్కువే, అయినా 2023లో రోడ్లపై దాదాపు 41 వేల మంది చనిపోయారు. అదే ఏడాది గ్రేట్ బ్రిటన్‌లో మృతులు 1,600 పైచిలుకు. జనాభాలో తేడా అయిదింతలే, మరణాల్లో తేడా పాతిక రెట్లు. రోడ్డు నిర్మాణం, వేగ నియంత్రణ, ప్రజా రవాణా ఆ తేడాలో ప్రధాన పాత్రధారులు. బడుల్లో డ్రైవింగ్ నేర్పడంపై ప్రపంచవ్యాప్త అధ్యయనాలను వడపోసిన కాక్రేన్ సమీక్ష మరో జాగ్రత్త చెప్పింది. అలాంటి శిక్షణతో పిల్లలు త్వరగా లైసెన్సు తీసుకున్నారు, ప్రమాదాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదు. కాబట్టి మన కాలేజీల్లో చెప్పాల్సింది బండి నడపడం కాదు. రోడ్డు నియమాలు, వేగానికీ ఆగే దూరానికీ ఉన్న లెక్క, గాయపడినవారికి చేయాల్సిన సాయం చెబితే చాలు.

చదవడం రానివారి సంగతి

రాత పరీక్ష అనగానే మన దేశంలో ఎదురయ్యే చిక్కు అక్షరాస్యత. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి విశాఖ జిల్లా అక్షరాస్యత 67 శాతం దరిదాపుల్లో ఉంది. రవాణా వాహనాల డ్రైవర్లు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న 8వ నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. చదువు లేకపోయినా నైపుణ్యం ఉన్నవారి ఉపాధికి అడ్డు రాకూడదన్నది కారణం. అదే ఏడాది మే నెలలో రాజస్థాన్ హైకోర్టు పూర్తిగా భిన్నంగా ఆలోచించింది. చదవడం రానివారు గుర్తులను, హెచ్చరికలను అర్థం చేసుకోలేరు కాబట్టి వారు పాదచారులకు ముప్పని, వారికిచ్చిన లైసెన్సులు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. బ్రిటన్ కూడా 2014 ఏప్రిల్‌లో విదేశీ భాషల్లో ప్రశ్నలు వినిపించే సౌకర్యాన్ని ఆపేసింది. మోసాల భయం, గుర్తులు చదవలేరన్న అనుమానం అందుకు కారణాలు.

మన పరిస్థితికి కేంద్రం వైఖరే సరైనది, కానీ అది సగంలో ఆగింది. చదువు షరతు తీసేసినవారు చదవకుండా పరీక్ష రాసే మార్గాన్ని అంతే శ్రద్ధగా ఏర్పాటు చేయాలి. ప్రశ్నను హెడ్‌ఫోన్‌లో స్పష్టమైన తెలుగులో వినిపించి, జవాబులను బొమ్మలుగా చూపించడం సాంకేతికంగా ఏమంత కష్టం కాదు. వినే తెలుగు కూడా జనం తెలుగై ఉండాలి. ‘అధిగమించుట’ అంటే ఆగిపోయే డ్రైవరు ‘ఓవర్‌టేక్ చేయడం’ అంటే వెంటనే చెబుతాడు. బొమ్మ, మాట, వీడియోలతో నడిచే పరీక్ష చదువురానివారికి మేలు చేస్తుంది, బట్టీ రాయుళ్లను నిలువరిస్తుంది. ఒక్క మార్పుతో రెండు పనులు.

కాగితం లేకపోతే పడే దెబ్బ

ఈ పరీక్షను తేలిగ్గా తీసుకునే కుటుంబాలు ఒక లెక్క మరచిపోతున్నాయి. లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ ప్రకారం జరిమానా రూ.500 నుంచి రూ.5,000కు పెరిగింది. అసలు దెబ్బ అది కాదు. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ, స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు నేటికీ దిక్సూచి. లెర్నర్ లైసెన్సు కూడా చెల్లే లైసెన్సేనని, దాన్ని చూపి బీమా కంపెనీ తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. అసలు లైసెన్సే లేకపోతే మాత్రం బాధితుడికి కంపెనీ చెల్లించి, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకునే వీలుంది. కొడుకు చేతికి తాళమిచ్చిన తండ్రి ఎకరం అమ్మి కట్టాల్సి రావచ్చు. కొన్ని వందల రూపాయల ఖర్చుతో వచ్చే ఎల్‌ఎల్‌ఆర్ ఆ ముప్పును తప్పిస్తుంది.

మైనర్ల విషయంలో చట్టం ఇంకా కఠినం. 199ఎ సెక్షన్ కింద మైనరు నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, రూ.25 వేల జరిమానా. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 50 సీసీలోపు బండికి 16 ఏళ్లకే లైసెన్సు ఇవ్వొచ్చన్న 4వ సెక్షన్ ఇంకా ఉంది గానీ, ఊళ్లలో పిల్లల చేతుల్లో ఉన్నవి వంద సీసీ పైబడినవే. మరోవైపు గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్లు దాటని ఎలక్ట్రిక్ స్కూటర్లకు లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. అంటే అవి నడిపేవారు ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పకుండానే అదే బీఎన్ రోడ్డు మీదకు వస్తున్నారు. ఈ వర్గం పెరిగే కొద్దీ నియమాల చదువును లైసెన్సుతో మాత్రమే ముడిపెట్టడం సరిపోదు.

చేయాల్సింది ఏమిటి?

మొదటిది, ప్రశ్నపత్రాన్ని రెండు భాగాలు చేయాలి. పాదచారికి దారి, కూడలిలో ముందు హక్కు, వేగం, మద్యం, హెల్మెట్, రాత్రి ప్రయాణం లాంటి ప్రాణాధార ప్రశ్నల్లో ఒకటికి మించి తప్పకూడదు. మిగిలినవాటికి ఇప్పటి 60 శాతం చాలు. రెండోది, 11వ నిబంధనలో కాపలా లేని గేటు స్థానంలో ముప్పును పసిగట్టే నైపుణ్యాన్ని చేర్చాలి. అది కేంద్రం పని. అంతదాకా ఆగకుండా రోడ్డు నియమాల ప్రశ్నల నిధిని స్థానిక ముప్పులతో నింపమని రాష్ట్రం అడగవచ్చు, వాటిని తానే తయారుచేసి ఇవ్వవచ్చు. చెరకు సీజన్లో రాత్రిపూట, ఘాట్ మలుపులో, సంత రోజు రద్దీలో తీసిన పాతిక చిన్న వీడియోలతో మొదలుపెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మూడోది, పరీక్ష కంటే ముందు పుస్తకం. దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ వాడుక తెలుగులో, బొమ్మలతో, ఆడియోతో ఉచిత చేతిపుస్తకం ఫోనుకు చేరాలి. ప్రమాదం జరిగితే గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చడం, పోలీసులకు తెలపడం డ్రైవరు బాధ్యతన్న 134వ సెక్షన్, సాయం చేసినవారిని వేధించరాదన్న 134ఎ సెక్షన్, బాధితులకు ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం అందించే 2025 నాటి కేంద్ర పథకం అందులో ఉండాలి. నాలుగోది, గ్రామ సచివాలయాల్లో కంప్యూటర్లున్నాయి, డిజిటల్ అసిస్టెంట్లున్నారు. అసలు పరీక్షను రవాణా కార్యాలయంలో కెమెరా నిఘాలోనే ఉంచి, మాక్ టెస్టును ఊళ్లోనే పెడితే తప్పిన కూలీకి రెండో ప్రయాణం తప్పుతుంది, ఏజెంటుకు బేరం తగ్గుతుంది.

అయిదోది, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన ముప్పై రోజులు ఊరికే గడిచే గడువుగా ఉండకూడదు. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల్లో కారుకు 29 గంటల కోర్సు ఉంది. ఎనిమిది గంటలు పాఠం, 21 గంటలు బండి నడపడం. అలాంటి కేంద్రంలో చేరలేనివారికి కనీసం పది గంటలు, అందులో రెండు రాత్రి గంటలు నడిపినట్టు నేర్పినవారి సంతకంతో చిన్న లాగ్‌బుక్ అడగవచ్చు. దొంగ సంతకాలు రావా అంటే వస్తాయి. ప్రమాదం జరిగినప్పుడు సంతకం పెట్టినవారినీ ప్రశ్నిస్తారని తెలిస్తే తగ్గుతాయి. ఆరోది, ఏ కార్యాలయంలో ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పుతున్నారో ఏటా ప్రచురించాలి. ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి రూపొందించిన సమీకృత ప్రమాద సమాచార వ్యవస్థ దేశమంతా ప్రమాదాల వివరాలు నమోదు చేస్తోంది. రెండు సమాచారాలనూ పక్కపక్కన పెడితే జనానికి తెలియని నియమం ఏదో, ప్రాణాలు తీస్తున్న నియమం ఏదో తేలుతుంది.

వీటి ఫలితం ఒక్క ఏడాదిలో కనిపించదు. మొదట ఫెయిలయ్యేవారు పెరుగుతారు, స్లాట్లకు ఒత్తిడి వస్తుంది, రాజకీయంగా గోల లేస్తుంది. అందుకే పుస్తకం, మాక్ టెస్టు ముందు రావాలి, కొత్త పత్రం ఆరు నెలల తర్వాత రావాలి. క్రమం తారుమారైతే కేరళ అనుభవమే పునరావృతమవుతుంది.

ఈలోగా ఎల్‌ఎల్‌ఆర్‌కు సిద్ధమవుతున్నవారు జవాబుతోపాటు కారణం కూడా చదవండి. గుర్తుల్లో ఆకారం చూడండి, నియమాల్లో ఎవరికి దారివ్వాలో చూడండి, అంకెల్లో ఆగే దూరం చూడండి. తల్లిదండ్రులు ఎల్‌ఎల్‌ఆర్ లేని చేతికి తాళం ఇవ్వకండి. పరీక్షను రెండు భాగాలు చేయాలంటే కొత్త చట్టం అవసరం లేదు, నిబంధన సవరణ చాలు. పుస్తకానికీ, ఆడియోకూ, సచివాలయాల్లో మాక్ టెస్టుకూ ఆ సవరణ కూడా అక్కర్లేదు. రాష్ట్ర రవాణా శాఖ ఒక ఉత్తర్వుతో చేయగలిగిన పని ఇది. వచ్చే వేసవికల్లా దాన్ని చేసి చూపాలి.